ఇంజను కూర్చునే చోట

ఆ ఇంట్లో తొందరంతా చిన్నవాడికీ, నిదానమంతా పెద్దవాడికీ వచ్చాయనీ, తెలివి మాత్రం పెద్దకోడలు వచ్చేటప్పుడు వెంట తెచ్చుకుందనీ ఊళ్ళో ఒక మాట ఉండేది. పెద్దవాడు బళ్ళో లెక్కల మాస్టారు, ఆయనకు ఈ మాట మీద అభ్యంతరం లేదు. కోడలికి వినే తీరిక లేదు. రోడ్డు మలుపులో బళ్ళు బాగుచేసే షెడ్డు ఆమెది. పొద్దున ఎనిమిదింటికి చేతికి అంటిన గ్రీజు సాయంత్రం ఆరింటికి గాని వదలదు. చిన్నవాడికి మాత్రం కాస్త మంటగా ఉండేది. అయినా అందరూ తొందరబాబు అని పిలిస్తే ముందుగా పలికేది అతనే.

తొందరబాబుకు ఒక పాత జీపు ఉంది. వయసులో అతనికంటే పదేళ్ళు పెద్దది. కొండమీది ఇళ్ళ నుంచి పదకొండు మంది పిల్లల్ని పొద్దున కింద బడికి దించడం, సాయంత్రం మళ్ళీ పైకి చేర్చడం దాని పని. అదే అతని బతుకు. దారంతా రాళ్ళు, మధ్యలో వాగు, ఆ పైన ఆరు మలుపులు. మామూలు కార్లు మొదటి మలుపుకే ఒక దండం పెట్టి వెనక్కి తిరుగుతాయి.

నెల క్రితం ఆ జీపు ఇంజను వాగు మధ్యలో, పిల్లలందరూ లోపల ఉండగా, ఒక్క దగ్గు దగ్గి ప్రాణం విడిచింది. నీళ్ళు మోకాలి లోతే. తొందరబాబు ఒక్కొక్కరినే భుజానికెత్తుకుని ఒడ్డు చేర్చాడు. ఎవరికీ చీమ కుట్టినంత బాధ కూడా కలగలేదు గాని, తల్లిదండ్రుల గుండెల్లో రాయి పడింది. అప్పటి నుంచి ఏడుగురు రెండు గంటలు నడిచి బడికి వస్తున్నారు. నలుగురు రావడమే మానేశారు. ఆ నలుగురిలో వడ్రంగి కూతురు ఒకతె. ఏడో తరగతి చదివే ఆ పిల్ల, ముందు సీటు తనదేనని రోజూ ఎవరో ఒకరితో దెబ్బలాడేది.

వడ్రంగి తెగేసి చెప్పాడు. "ఏనుగులాంటి ఇంజను పెట్టుకుని రా, అప్పుడు పంపుతా. లేదంటావా, నా కూతురు చదివింది చాలు." మిగతా ముగ్గురి తండ్రులకూ వడ్రంగి మాటే మాట. వానలకు ఇంక మూడు వారాలే గడువు. అవి మొదలైతే ఆ నడిచే ఏడుగురూ ఆగిపోతారు.

తొందరబాబు ఏనుగును వెతికాడు, దొరికింది కూడా. పాత ఇనుము యార్డులో ఒక పెద్ద కారు వెనక భాగం నుజ్జయి పడి ఉంది. ముందు భాగంలో ఆరు సిలిండర్ల ఇంజను చెక్కుచెదరకుండా ఉంది. నచ్చకపోతే తిరిగిచ్చే కరారు మీద దాన్ని షెడ్డుకు తోలుకొచ్చాడు. వదిన దాన్ని చైను పుల్లీకి వేలాడదీసి, చుట్టూ రెండుసార్లు తిరిగింది. ఇంజను పైమూత తీసి లోపల వేలు పెట్టి రుద్ది చూసింది. ఆమె కళ్ళు మెరవడం తొందరబాబు చూశాడు.

"బాగుంది కదా వదినా?"

"బాగుంది. నాకు చాలా నచ్చింది. నాకు నచ్చి ఏం లాభం, జీపుకు నచ్చాలి గానీ."

షెడ్డు మూలలో ఇంకో ఇంజను కూడా ఉంది. సరుకులు చేరవేసే వ్యానుది, నాలుగు సిలిండర్ల డీజిలు. వదిన దాన్ని విప్పి, కడిగి, అరిగినవి మార్చి, గుడ్డ కప్పి పెట్టింది. తొందరబాబుకు దాన్ని చూస్తేనే నీరసం వచ్చేది. అది పెట్టుకుని వెళ్తే వడ్రంగి గుమ్మం కూడా ఎక్కనివ్వడు.

"మింగ మెతుకు లేదుగానీ మీసాలకు సంపెంగ నూనె అన్నట్టు, ముప్పై ఏళ్ళ బండికి ఆరు సిలిండర్లేంట్రా?" అన్నాడు మాస్టారు.

"నువ్వు లెక్కలు చెప్పుకో అన్నయ్యా, ఇంజన్ల జోలికి రాకు."

"కసురుకోవద్దు. రెండూ చూసే చెబుదాం," అంది వదిన.

చూడటం అంటే ఆమె పద్ధతి ఆమెది. అమ్మేవాడు చెప్పే బలం ఆమె చెవికెక్కదు. బలం సంగతి తరవాత, ముందు బరువు సంగతి అంటుంది. ఇంజనును కాటాకు వేలాడదీసి తూస్తుంది. అంతే బరువు ఇసుక బస్తాలకెత్తి, బండిలో ఇంజను ఉండాల్సిన ఖాళీలో పలకలు పరిచి, ఇంజను బరువు ఎక్కడ పడుతుందో సరిగ్గా అక్కడే పేర్చి కడుతుంది. ఆ బండిని ట్రాక్టరుతో లాగించి, అది రోజూ తిరిగే దారిలోనే తిప్పి తెస్తుంది. చొక్కా కొనేముందు తొడుక్కుని చూడమూ, ఇదీ అంతే, అంటుంది. ఇలా చేసే మెకానిక్కును తొందరబాబు ఇంకెక్కడా చూడలేదు. అందుకు లోలోపల గర్వపడతాడు, పైకి మాత్రం విసుక్కుంటాడు.

మొదటిరోజు వ్యాను ఇంజను వంతు. నూట తొంభై కిలోలు. జీపు మూడో మలుపు దాకా వెళ్ళి, కిక్కురుమనకుండా తిరిగొచ్చింది. బండి బరువు మోసే కమాన్ల పట్టీల కింద వదిన తన కొలకర్ర పెట్టి, అవి ఎంత దిగాయో చూసి, గోడ మీద సుద్దతో రాసుకుంది.

రెండోరోజు ఏనుగు వంతు. మూడు వందల ఇరవై కిలోలు, అంటే నలభై కిలోల బస్తాలు ఎనిమిది. పొద్దున్నే అన్నీ తూచి, మూతులు కుట్టి, జీపులోకి ఎక్కించారు. బస్తాల మధ్య ఒక మనిషి పట్టేంత జాగా వదిలి, అందులో ఒక పాత బొంతను నాలుగు మడతలు వేసి కట్టింది వదిన.

"బొంతెందుకు వదినా, ఇసుకకు చలేస్తుందా?"

"ఉండనీ," అని, కొలకర్రతో కమాన్లు కొలిచి రాసుకుని, భర్తను వెంటబెట్టుకుని భోజనానికి వెళ్ళింది. ఇల్లు షెడ్డు వెనకే. తొందరబాబు ఆకలి లేదన్నాడు. ఆకలి లేకపోవడం అతని పుట్టుకలోనే లేదు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

వాళ్ళు అటు వెళ్ళగానే అతను గోడ వంక చూశాడు. నిలబడి ఉండగానే కమాన్లు అంత దిగితే, రాళ్ళ దారిలో అడుగంటుతాయి, అప్పుడు వదిన ససేమిరా ఒప్పుకోదు. వదిన ఒప్పుకోకపోతే ఏనుగు లేదు. ఏనుగు లేకపోతే వడ్రంగి కూతురికి బడి లేదు. ఇంత బాగా లెక్క కుదిరాక ఆగడం తొందరబాబు వల్ల అయ్యే పని కాదు. ఒక్కో బస్తా కుట్టు విప్పి, డబ్బాతో ఎనిమిదేసి కిలోలు తీసి, షెడ్డు వెనక పారబోశాడు. మళ్ళీ అదే సూదితో అదే కుట్టు వేశాడు. కుట్టు బాగా వచ్చిందని మురిసిపోయాడు కూడా.

వదిన తిరిగొచ్చి, అలవాటు చొప్పున కొలకర్ర తీసుకుని కమాన్ల కింద పెట్టింది. గోడ మీది అంకె చూసింది. మళ్ళీ పెట్టింది.

"అన్నం తిన్నాక మనుషులు బరువెక్కుతారు. ఈ జీపేంటి, మనం తినొచ్చేసరికి తేలికైంది?"

తొందరబాబు చెయ్యి దానంతటదే భుజం మీదికి పోయి దులుపుకుంది. భుజం మీద నిజంగానే ఇసుక ఉంది. గుమ్మడికాయల దొంగ సామెత ఎవరూ ఎత్తలేదు, ఎత్తే అవసరం రాలేదు.

మాస్టారు కొలకర్ర అందుకుని గోడమీది నిన్నటి అంకె, ఇవాళ్టి అంకె పోల్చి చూశాడు. "అరవై నాలుగు కిలోలు తగ్గింది. ఒకటి అటూ ఇటూ. తమ్ముడూ, నువ్వెంతుంటావ్?"

"అరవై మూడు," అన్నాడు తొందరబాబు నేల చూపులు చూస్తూ.

"సరిపోయింది. ఎక్కు," అంది వదిన.

"ఎక్కడికి?"

"ఇసుక చోటికి. బొంత ఉందిగా, గుచ్చుకోదులే."

దొంగకు తేలు కుట్టినట్టయింది. బానెట్ తీసేసిన జీపులో, బస్తాల మధ్య, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, స్టీరింగు పట్టుకున్న వదినకు ఎదురుగా కూర్చున్నాడు. మాస్టారు ట్రాక్టరు ఎక్కాడు.

"ఒరే, దిక్కులు చూడకు. నీ ఎడమ చేతి వైపు, స్టీరింగు పెట్టె కింది ఛాసిస్ చట్రానికి బిగించి ఉంది చూడు. అక్కడే చూస్తుండు. ఏం కనబడినా చెప్పు," అంది వదిన.

బజారు దాటేసరికి అతని పరువు అణా కూడా మిగల్లేదు. సైకిలు మీద వెళ్తున్న పెద్దాయన ఒకరు కాలు కింద పెట్టి ఆగి మరీ అడిగాడు. "ఏం బాబూ, ఇంజను నువ్వేనా? మైలేజీ ఎంతిస్తావ్?"

వాగు దాటి రాళ్ళలో పడేసరికి ఆ నవ్వులన్నీ మరిచిపోయాడు. ముందు కమాన్లు ప్రతి రాయికీ అడుగుదాకా దిగి రబ్బరు దిమ్మలకు దబ్బున కొట్టుకుంటున్నాయి. ఆ దెబ్బ అతని వెన్నులోంచి పళ్ళలోకి వస్తోంది. డ్రైవరు సీటులో కూర్చుంటే ఇది తెలియదు. ఇంజను పడే బాధ ఇంజను చోట కూర్చుంటేనే తెలుస్తుంది.

మొదటి మలుపులో వదిన స్టీరింగు తిప్పింది. పెట్టె పక్కన ఛాసిస్ మీద, గ్రీజు కింద, తలవెంట్రుకంత నల్లటి గీత ఒకటి కనబడింది. మురికేమో అనుకుని బొటనవేలితో తుడిచాడు. పోలేదు. దారి తిన్నగా అయ్యాక గీత మాయమైంది. రెండో మలుపులో ఆ గీత తెరుచుకుంది. చీమ దూరేంత. మళ్ళీ మూసుకుంది. మూడో మలుపు తిరుగుతుండగా అతను తన వేలిగోరు అందులో పెట్టాడు. గోరు దూరింది.

"ఆపండి. అన్నయ్యా, ఆపు," అన్నాడు. అతని గొంతు అతనికే కొత్తగా వినిపించింది.

రెండేళ్ళుగా స్టీరింగు ఓ పక్కకు లాగుతోందని అంటూనే ఉన్నాడు. బండికి బద్ధకం వచ్చిందని నవ్వేవాడు. ఆ రెండేళ్ళూ పదకొండు మందిని ఎక్కించుకుని ఈ ఆరు మలుపులూ తిరిగాడు. పైన పటారం లోన లొటారం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. కిందికి దిగి రాయి మీద కూర్చుండిపోయాడు.

వదిన వంగి, టార్చి వేసి, పగులు పొడవునా వేలు నడిపింది. ఆమె ముఖంలో గెలిచిన జాడ లేదు.

"అనుమానం నాకు చాన్నాళ్ళుగా ఉంది. షెడ్డులో ఎంత ఎత్తి చూసినా దొరకలేదు. పైన బరువుండి, మలుపు తిరిగితేనే ఇది నోరు తెరుస్తుంది. ఎవరో ఒకరు ఇక్కడ కూర్చుని చూడాల్సిందే."

తొందరబాబు తల ఎత్తాడు. "ఆ బొంత నీకోసం కట్టుకున్నావా?"

"మరి? స్టీరింగు నీకిచ్చి, బస్తాన్నర ఇసుక దింపి నేను కూర్చుందామనుకున్నా. ఆ బస్తాన్నరా నువ్వే దింపిపెట్టావ్. శ్రమ తప్పింది."

ఆమె తిట్టి ఉంటే బాగుండేదనిపించింది అతనికి. బండి ఎముకల్లో ఉన్న జబ్బును బయట కూర్చునే పసిగట్టి, దాన్ని చూడటానికి తానే ఆ రాళ్ళ దెబ్బల మధ్య కూర్చోవడానికి సిద్ధపడ్డ మనిషిని, ఇసుక తీసి మోసం చేయబోయాడు. ఆమె కాళ్ళకు దండం పెట్టాలన్నంత గౌరవం కలిగింది. పెడితే నవ్వుతుందని ఊరుకున్నాడు.

"చిన్నదే పెట్టు వదినా."

"వడ్రంగి ఏమంటాడో?"

"వడ్రంగితో నేను మాట్లాడతా."

ఆ తరవాతి పది రోజులూ అతను షెడ్డు వదల్లేదు. వదిన పగులు చివర సన్నటి రంధ్రం వేసి అది ఇంక పాకకుండా ఆపింది. పగులును లోపలిదాకా గాడి తీసి, ఇనుము నింపి, పైన పలక వేసి చుట్టూ అతికింది. ఒక్కసారిగా పోసుకుపోలేదు. ఓ అంగుళం అతికేది, చల్లారేదాకా ఆగేది, మళ్ళీ అంగుళం. తొందరబాబు జీవితంలో మొదటిసారి ఒక పనిని ఆసాంతం కదలకుండా చూశాడు. తరవాత వ్యాను ఇంజను దిగింది, దాని వెనక గేరుపెట్టె కలిసింది. మళ్ళీ అదే దారిలో, ఈసారి బస్తాలు వెనక సీట్లలో పదకొండు మంది పిల్లల లెక్కన వేసి, ఆరు మలుపులూ తిప్పి తెచ్చారు. ఏనుగు యార్డుకు తిరిగి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు వదిన దాన్ని ఒకసారి శుభ్రంగా తుడిచి పంపింది.

మబ్బులు పట్టిన రోజు పొద్దున జీపు కొండ ఎక్కి, ఆ నడిచే ఏడుగురినీ ఎక్కించుకుని వడ్రంగి ఇంటి ముందు ఆగింది. వడ్రంగి చిత్రిక పడుతున్నవాడు లేచి వచ్చాడు.

"ఏనుగేనా?"

బానెట్ మూసి ఉంటే ఏనుగైనా ఎలుకైనా ఒకటే. అవునంటే చెల్లిపోయేది. తొందరబాబు బానెట్ ఎత్తాడు.

"కాదు. వ్యానుది, చిన్నది. ఇంజను తరవాత చూద్దువుగాని, ముందు ఇక్కడ చూడు." అతను అతుకు చూపించాడు. "రెండేళ్ళు నీ కూతుర్ని పగిలిన ఛాసిస్ మీద తిప్పాను. నాకు తెలీలేదు. నువ్వడిగిన ఏనుగును పెట్టి ఉంటే, ఈ వానల్లోనే ఏదో ఒక మలుపులో తెగిపోయేది. వాగు దాటడానికి ఈ చిన్నది చాలు. దీని బరువును బండి ఒళ్ళు తట్టుకుంటుంది. పంపుతావో మానతావో నీ ఇష్టం."

వడ్రంగి కిందికి వంగాడు. తలుపు చట్రంలో కీలును తడిమినట్టు, అతుకు మీద బొటనవేలు ఈ చివర నుంచి ఆ చివరదాకా నడిపాడు. మళ్ళీ వెనక్కి నడిపాడు.

"ఈ అతుకు ఎవరిది?"

"మా వదినది."

"ఇంజను ఎంచింది?"

"అదీ ఆవిడే."

వడ్రంగి చేతులు తుడుచుకుని ఇంటి వైపు తిరిగాడు. "అమ్మడూ, పుస్తకాలు తెచ్చుకో."

ఆ పిల్ల సంచి అప్పటికే భుజాన ఉంది. గుమ్మం పక్కనే నిలబడి అంతా విన్నట్టుంది. పరుగున వచ్చి, ముందు సీట్లో ఎవరో కూర్చుని ఉండటం చూసి, అది తనదేనని అప్పుడే దెబ్బలాట మొదలుపెట్టింది.