నాయన సినిమాలో ఒక్క కొడుకు

మా తమ్ముడు శశిధర్ తీసిన డాక్యుమెంటరీ చూడడానికి నాయనను వెంటబెట్టుకుని దొడ్డబళ్ళాపురం నుంచి బెంగళూరులోని వైట్‌ఫీల్డ్ వెళ్లాను. మా నాయన గంగన్న మగ్గం నేసి కొడుకును ఎట్లా పెంచాడన్నదే కథ. జరిగినవే, కాకపోతే అంతా బొమ్మలు గీసి కదిలించారు. మేమిద్దరం కొడుకులం. పెద్దవాణ్ణి నేను, ఇప్పటికీ ఆ మగ్గం మీదే ఉన్నాను.

హాల్లో లైట్లు ఆర్పారు. తెర మీద నాయన సైకిలు తొక్కుతున్నాడు, ముందు కడ్డీ మీద ఒక పిల్లవాడు. నేనే అనుకున్నాను. కాదు, శశి. ఆ సైకిలు అమ్మేసేనాటికి వీడు పుట్టనే లేదు. నాకు ఒళ్లు మండింది. సరే చూద్దామని పళ్లు బిగబట్టుకున్నాను. అమ్మ వచ్చింది, ఇల్లు వచ్చింది, మా మేక కూడా వచ్చింది. నేను రాలేదు. మేకపాటి కూడా చెయ్యనా నేను?

తర్వాత మగ్గం. నాయన తెగిన పోగును ఎడమచేత్తో ముడేస్తున్నాడు. ఆయనకు అన్నీ కుడిచేత్తోనే. ఎడమచేతివాటం నాది. పోయిన ఏడాది వీడే వచ్చి, "నాయన చేతులు వణుకుతుండాయి, నువ్వు నేసి చూపియ్యి అన్నా, చూసి గీసుకుంటాం" అని నా చేతుల్ని ఫోన్‌లో తీసుకుపోయాడు. వీడికి నా చేతులు కావాలి, మొహం అక్కర్లేదు.

అందరూ చప్పట్లు కొట్టారు. బయటికి రాగానే వాణ్ణి నిలదీశాను.

"నేను సచ్చిపోయినానేమిరా?"

"సారీ అన్నా. ఒక్కో క్యారెక్టర్‌ను కదిలియ్యాలంటే నెలల పని. కథ సింపుల్‌గా ఉండాలని..."

"దానికి అన్ననే తీసేస్తివా? సిగ్గుండాదా నీకు?"

వాడు నాయన వైపు చూశాడు.

"వాణ్ణి అనొద్దు తిరుపాలూ," అన్నాడు నాయన. "నిన్ను తీసెయ్యమన్నది నేనే."

నేను ఆయన వైపు తిరిగాను.

"నిన్ను పెడితే, ఏడుస్తా ఉంటే బడి నుంచి ఈడ్చుకొచ్చి మగ్గంలో కూర్చోబెట్టింది గూడా పెట్టాల గదప్పా. ఇంతమందిలో అదెట్ల చూసేది నేను?"

ఆయనకు నామోషీ అట.

"అదొక్కటి చూపించింటే చాలు నాయనా. ఇన్నేండ్లూ నీకది గుర్తే లేదనుకుంటి. గుర్తుండే నన్ను తీసేయమంటివా?"

ఆయన్ను తమ్ముడి దగ్గరే వదిలేసి నేనొక్కణ్ణే బస్సెక్కాను.