ఎడమవైపు వంటిల్లు

"బటన్ నొక్కడానికి కూడా ఇంత సాధన కావాలా?" అన్నాడు భర్త, తాగిన కాఫీ కప్పు సోఫా చేతి మీదే వదిలేస్తూ. ఆమె కప్పు తీసి సింకులో వేసింది. మళ్లీ కెమెరా అందుకుంది.

కెమెరా ఆయన కొన్నదే. ఆయన ఆరంభశూరత్వానికి ఇంట్లో సాక్ష్యాలకేం కొదవలేదు. తీగలు తెగిన గిటారు ఒక మూల, తడి తువ్వాళ్లు ఆరేసుకునే వ్యాయామం సైకిలు ఇంకో మూల. కెమెరా బీరువా పైకి చేరింది. దుమ్ము దులుపుదామని స్టూలెక్కిన ఆమె, దాన్ని తుడిచి, మూత తీసి, ఊరికే కంటికి ఆనించుకుంది. ఇక స్టూలు దిగబుద్ధి కాలేదు.

అప్పటినుంచి పనుల సందుల్లో దొరికిన టైమంతా దానికే. కిటికీ వెలుతురు స్టీలు గిన్నె మీద ఎలా జారుతుందో, తెర సగం లాగితే అదే గిన్నె ఎంత మెత్తబడుతుందో చూసి చూసి నేర్చుకుంది. గిన్నెలు చక్కగా వచ్చేవి, వాటిని బల్ల మీద పెట్టి తీసేది కాబట్టి. హాల్లో మనుషుల్ని తీస్తే మాత్రం ఒక్కటీ కుదిరేది కాదు. మొహాలన్నీ చెదిరిపోయేవి.

"మా ఆఫీసులో ఒకాయన కెమెరా అడుగుతున్నాడు. ఆదివారం వచ్చి పట్టుకెళ్తాడు. నీకెలాగూ రావట్లేదుగా" అన్నాడాయన. ఆ చివరి మాట ముల్లులా దిగింది. తొక్కడం రాదని సైకిలు ఎవరికిచ్చాడు? ఆయనకి రాకపోతే వస్తువు మూలన ఉంటుంది. తనకి రాకపోతే గడప దాటుతుంది.

వీధి మలుపులో చిన్న ఫొటో స్టూడియో ఉంది. దాన్ని నడిపే మనిషిని అందరూ స్టూడియో అక్క అంటారు. ఏడుస్తున్న పిల్లని ఆవిడ నవ్వమనదు. "నీ చొక్కాకి గుండీలెన్నే?" అంటుంది. పిల్ల తల వంచి లెక్కపెట్టుకుని, గొప్పగా తలెత్తేసరికి క్లిక్. అది చూసినప్పుడల్లా ఆమెకి ఆ చేతులకి దండం పెట్టాలనిపించేది. ధైర్యం చేసి కెమెరా పట్టుకెళ్లింది.

అక్క ఫొటోలన్నీ తిప్పి చూసి, మళ్లీ మొదటినుంచీ చూసింది.

"విచిత్రంగా ఉందే. అందరూ కుడి అంచుకే జారిపోయారు. క్లిక్ పూర్తవకముందే నువ్వు ఎడమకి తిరిగేస్తున్నావు. మీ హాల్లో ఎడమవైపు ఏముంది?"

"వంటిల్లు" అంది ఆమె.

ఇద్దరూ పడీపడీ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ ఆమెకి కళ్లలో నీళ్లొచ్చాయి. పాలు పొంగుతున్నాయి చూడు, స్టవ్ కట్టావా, ఏదో మాడుతున్నట్టుంది... పెళ్లయిన దగ్గర్నుంచీ విన్న ఆ మాటలన్నీ మెడలోకి దిగిపోయాయన్నమాట. ఎవరూ పిలవకపోయినా మెడ తిరిగిపోతోంది.

"నీ చెయ్యి బంగారం. వెలుతురు నీకు తెలిసింది, అది నేర్పితే వచ్చేది కాదు. గదిలో వెలుగు తక్కువ కదా, కెమెరా కాస్త మెల్లగా కన్ను మూస్తుంది. అది మూసేదాకా నువ్వు తిరక్కు. అంతే!" అంది అక్క.

ఆదివారం పొద్దున అత్తగారు కిటికీ దగ్గర కూర్చుని చొక్కాకి గుండీ కుడుతోంది. "ఎండిపోయిన మొహం, నన్నేం తీస్తావే" అంటూనే కొంగు సర్దుకుంది. ఆమె కెమెరా కంటికి ఆనించింది. అప్పుడే కుక్కర్ కూత వేసింది. మెడ నరం లాగింది.

"ఏమోయ్, కుక్కర్!" సోఫాలోంచి భర్త. నిజానికి వంటింటికి ఆ సోఫాయే దగ్గర. "వినపడట్లేదా?"

"వినపడుతోంది. మీరు కట్టేయండి" అంది ఆమె, కన్ను తీయకుండా. "ఆ చేత్తోనే మీ ఆఫీసాయనకి ఫోన్ చేసి రావద్దని చెప్పండి. కెమెరా నేను వాడుకుంటున్నాను."

అత్తగారు సూది ఆపి, తలెత్తి కోడల్ని చూసింది. ఇన్నేళ్లలో ఎప్పుడూ చూడని మెచ్చుకోలు ఆ కళ్లలో. ఆమె నొక్కింది. కెమెరా మెల్లగా కన్ను మూసేదాకా అలాగే నిలబడింది.

కెమెరా తెర మీద అత్తగారు సరిగ్గా నడిమధ్యన, సూదిలోని దారంతో సహా స్పష్టంగా ఉంది. వెనకాల సోఫా కిర్రుమంది. వంటింట్లో స్టవ్ కట్టిన చప్పుడు.

అత్తగారు కోడలి వైపు వంగి గొంతు తగ్గించింది.

"ఇంకోటి తియ్యవే. వాడు మళ్లీ ఎప్పుడు లేస్తాడో, వంటింటి వైపు తిరిగి తియ్యి."