టెగన్ బాగుపడింది

ఇంగ్లండులో గ్రిమ్స్‌బీ అనే ఊళ్లో మా బడికి వచ్చేవాళ్లంతా వేరే బళ్లు గెంటేసిన పిల్లలే. పదేళ్ల టెగన్ వచ్చిన కొత్తలో ఎవరినీ దగ్గరికి రానిచ్చేది కాదు, రోజంతా బల్ల కిందే కూర్చునేది. నేనూ ఆ బల్ల కిందికే దూరి, నడుం పట్టేసినా సరే, టోస్టు తినిపిస్తూ లెక్కలు చెప్పేదాన్ని. ఏడాది తిరిగేసరికి బయటికొచ్చి కుర్చీలో కూర్చుంది. వరండాలో నా స్వెట్టరు చెయ్యి పట్టుకుని నడిచేది. నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు.

అక్కడే కొంప మునిగింది. బాగుపడిన పిల్లల్ని మామూలు బడికి పంపేయడం మా పద్ధతి. టెగన్ వంతూ వచ్చింది; ఈ సంగతి ముందు నన్ను తనకి విడిగా చెప్పనివ్వమని మా హెడ్మాస్టరు గ్రేమ్‌కి మొత్తుకున్నాను. వింటేగా! శుక్రవారం అందరి ముందూ చెప్పేశాడు.

"టెగన్‌కి చప్పట్లు కొట్టండి! ఈస్టర్ సెలవుల తర్వాత మామూలు బడికి వెళ్లిపోతోంది."

టెగన్ నా వైపు తిరిగింది.

"నువ్వూ వస్తావా మిస్?"

"నేనిక్కడే ఉండాలి కదమ్మా."

"మరి బాగుండి నాకేం లాభం?"

 

సోమవారం టెగన్ కుర్చీ ఎత్తి కిటికీకేసి కొట్టింది. గాజు పెంకు తగిలి జెన్సన్ అనే పిల్లాడి కనుబొమ్మ తెగింది. పట్టుకోబోతే నా ముంజేయి కొరికింది. కొరుకుతున్నంతసేపూ నా ముఖంలోకే చూసింది, అర్థమైందా అన్నట్టు.

"ఇక మనవల్ల కాదు జానిస్" అన్నాడు గ్రేమ్. "జెన్సన్ వాళ్లమ్మ ఊరుకోదు. టెగన్‌ని ఎక్కడో దూరంగా, అక్కడే ఉండి చదువుకునే బడికి పంపేస్తున్నారు. రేపట్నుంచి ఇక్కడికి రాదు."

"ఇక్కడ ఉండిపోదామనే చేసింది గ్రేమ్!"

"తెలుసు. తెలిసి ఏం చెయ్యమంటావు? ఆ పిల్లాడి కన్నే పోయుంటే?"

అతన్ని తిట్టడానికి కూడా నాకు దారి లేకపోయింది.

సాయంత్రం టెగన్‌ని రోజూ ఇంటికి దింపే టాక్సీ దగ్గరికి నేనే తీసుకెళ్లాను. లోపల కూర్చుని నా చేతి కట్టు చూసింది.

"నొప్పిగా ఉందా మిస్?"

"లేదులే."

"ఇప్పుడు నేను బాగాలేనుగా. ఇంక పంపరు కదా?"

దూరం బడి సంగతి ఇంటిదగ్గర వాళ్లమ్మ చెబుతుందట. నన్ను చెప్పొద్దన్నారు.

"బెల్టు పెట్టుకో తల్లీ" అన్నాను.

పెట్టుకుంది. టాక్సీ కదిలాక కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది.

"రేపు బల్ల కిందికి రా మిస్! టోస్టు తీసుకురా!"