శిబిరమంతటికీ వదిన

పండక్కి ఇంటికి రావడానికి భర్తకు సెలవు దొరకలేదని, ఆమే తన బ్యూటీ పార్లర్‌కి తాళం వేసి కొండమీది సైనిక శిబిరానికి బయల్దేరింది. కుటుంబాలు రావచ్చని అనుమతి ఇచ్చారు మరి. తీరా చేరేసరికి ఆయన లేడు. ఇంకా పైనున్న కాపలా చౌకీకి సరుకులు అందించడానికి ఆ ఉదయమే లారీ తీసుకుని వెళ్లాడట.

"అన్న వచ్చేస్తాడు వదినా, బెంగ పెట్టుకోకండి," అన్నాడు వంటాయన, ఆమె చేతిలో సంచి అందుకుంటూ.

చుట్టూ పొగమంచు. ముందు గొంతు వినిపించేది, ఆ తర్వాతెప్పుడో మనిషి కనిపించేవాడు. గుడారాలు కాసేపు ఉండేవి, కాసేపు ఉండేవి కావు.

చేతులు ఊరుకోక, మర్నాడు భోజనాల గదిలో పొయ్యి పక్కన కుర్చీ వేసి సంచిలోంచి కత్తెర తీసింది. మొదట వంటాయన కూర్చున్నాడు. దువ్వెన తగిలిందో లేదో, తల వాల్చేశాడు.

"ఏమనుకోకండి వదినా. తలమీద చెయ్యి పడి ఎన్నాళ్లయిందో," అన్నాడు లేచాక, సిగ్గుపడుతూ.

ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. అందరూ మరుదులే. కత్తెర చప్పుడుకి కళ్లు మూతలు పడి, నిద్రలోనే మాట్లాడేవాళ్లు. తను మేలుకునే ఉందో లేదో ఆమెకే తెలిసేది కాదు.

"మలుపుల్లో అన్న పాట ఎత్తుకుంటే లోయ సంగతే గుర్తుండదు వదినా," అన్నాడొకడు.

"ఎవరు, మా ఆయనా?"

ఇంట్లో ఏది అడిగినా ఊఁ, ఆఁ తప్ప నోరు విప్పని మనిషి. తనకి దక్కని భర్త వీళ్లకి దక్కాడని ఆమె మనసు చివుక్కుమంది. ఏ పాటని అడిగితే తలా ఒక రాగం తీశారు.

పండగ నాటికీ ఆయన తిరిగి రాలేదు. భోజనాల్లో ఆమె పక్కన ఆయన కోసం ఓ కంచం పెట్టారు. అటుగా వెళ్లిన ప్రతివాడూ తన వాటాలోంచి కాస్త వడ్డించాడు. చూస్తుండగానే కంచం గుట్టయింది.

ఆమె తిరుగు ప్రయాణం నాటి పొద్దున ఆయన వచ్చాడు. మాసిన గడ్డం, ఎర్రబడ్డ కళ్లు.

"కూర్చోండి," అంది.

కూర్చున్నాడు. "ఒకచోట బండి జారింది," అన్నాడు.

ఆమె చేతిలో కత్తెర ఆగింది. "పాడలేదా?"

"నువ్విక్కడికి వచ్చి ఉంటావని గుర్తొచ్చింది. పాట ఆగిపోయింది."

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన అంత పెద్ద మాట అనలేదు. ఆమె ఆయన నుదుటిమీద పడ్డ జుట్టు వెనక్కి దువ్వింది. ఆయన తల ఆమె చేతిలోకి ఒరిగింది.

బయట ఆమె వెళ్లాల్సిన బండి హారన్ మోగింది. పిలవడానికి లోపలికొచ్చిన శిబిరం పెద్దాయన వాళ్లని చూసి, వచ్చిన కాళ్లతోనే వెనక్కి తిరిగాడు. హారన్ ఆగిపోయింది. ఆమె లేకుండానే బండి మంచులోకి దిగిపోయింది.

ఇంకో బండి దొరికేదాకా ఆమెని ఉండనిచ్చారు. ఎప్పుడొస్తుందని ఆమె ఎవరినీ అడగలేదు.