బస్సుకు అడ్డం పడ్డ పడుగు

రంగరాజులు ఆ రహస్యాన్ని తొమ్మిది రోజులు కడుపులో దాచుకున్నాడు. భార్య పంకజానికి కూడా చెప్పలేదు. బుధవారం పొద్దున గుడియాత్తం నుంచి కొట్టాలపల్లెకు టౌన్ బస్సును ఒకసారి నడిపి చూస్తారు. వీధి చివరిదాకా పోగలిగితే, ఊళ్లో జనం చాలినంత ఉన్నారని అధికారికి తోస్తే, ఇక రోజూ వస్తుంది. లేకపోతే అర్జీ చెత్తబుట్టలోకే.

అర్జీ పెట్టింది అతనే. నేసిన లుంగీల మూట నెత్తిన పెట్టుకుని మెయిన్ రోడ్డుదాకా రెండు కిలోమీటర్లు నడవడానికి కుడి మోకాలు ఒప్పుకోవడం లేదు. జనాభా దగ్గర మాత్రం చెయ్యి కాస్త జారింది. ఊళ్లో ఉన్నది మూడు వందల మంది. ఆంబూరు చెప్పుల ఫ్యాక్టరీలకు వెళ్లి అక్కడే కాపురం పెట్టినవాళ్లనూ, పెళ్లయి వెళ్లిన ఆడపిల్లలనూ, వాళ్ల సంతానాన్నీ కలిపి ఆరు వందల పన్నెండు చేశాడు. గుండుగుత్తగా ఆరు వందలంటే అనుమానిస్తారని ఆ పన్నెండు. ఇంత బుర్ర మగ్గం గుంటలో మగ్గిపోతోందే అని తనమీద తనకే జాలేసింది.

బుధవారం తెల్లవారకముందే గుడియాత్తం చేరి, బస్సులో ముందు సీటు పట్టాడు. ఊరంతా నోరెళ్లబెట్టి చూస్తుండగా దిగాలని అతని ఆశ.

బస్సు వీధిలోకి తిరిగి, ఆగిపోయింది. ఈ చివర నుంచి ఆ చివరకు కర్రల మీద పడుగు, మగ్గానికెక్కించే నిలువు దారాల వరస, చాపి ఉంది. గంజి తడి ఇంకా ఆరలేదు. ఏ బుద్ధిలేనివాడిదని అరవబోయి, ఆకుపచ్చ చారలు చూసి నోరు మూసుకున్నాడు. వీధి వాడుకోవడానికి ఇంటికో రోజు వంతు. ఈ బుధవారం వంతు తనదే. కుంచెతో పడుగు దువ్వుతున్నది పంకజమే.

బస్సులోనే వచ్చిన అధికారి కుమరేశన్ గడియారం చూసుకున్నాడు. పది నిమిషాలే ఆగుతానన్నాడు. రంగరాజులు ఇంట్లోకి ఉరికి కత్తితో వచ్చాడు. ఎదురుగా పంకజం నిలబడింది.

"పడుగు కోసేసి బస్సెక్కి యాడికి పోతావయ్యా? చేతిలో ఏముంటాదని?"

అతను కత్తిని వీపు వెనక్కి దాచుకున్నాడు.

"ముందే ఒక మాట చెప్పింటే వంతు మార్చుకొనుందుము కదా. గొప్ప గుట్టు."

ఆమె వీధి వైపు తిరిగి ఒక్క కేక పెట్టింది. బీడీల చేటలు దించి ఆడవాళ్లు వచ్చారు. మగ్గాలు వదిలి మగవాళ్లు, కర్రలు ఊతంగా ముసలివాళ్లు వచ్చారు. తడి దారం జారితే అతుక్కుపోతుంది, నెల పని మట్టిపాలు. అందరూ ఒక్కసారే ఎత్తి, జానెడు కూడా కుంగనీయకుండా అరుగుల పక్కకు జరిగారు. బస్సు బెత్తెడు సందుతో వీధి చివరిదాకా పోయి తిరిగొచ్చింది. పడుగు పట్టుకున్నవాళ్లను కుమరేశన్ కిటికీలోంచి ఒక్కొక్కరినీ లెక్కపెట్టుకున్నాడు.

"నూటా ఎనభై ఏడు. అర్జీలో ఆరు నూర్ల పన్నెండని ఉండాది. మిగిలినోళ్లు యాడప్పా?"

తొమ్మిది రోజులు అల్లి పెట్టుకున్న జవాబులన్నీ ఆ క్షణానికి ఎగిరిపోయాయి. "ఆంబూర్లో ఉండారు సార్," అన్నాడు రంగరాజులు. "బస్సుంటే వస్తారు."

కుమరేశన్ నవ్వలేదు, కోప్పడలేదు. ఏదో రాసుకుని వెళ్లిపోయాడు.

మూడు వారాలకు ఉత్తరువు వచ్చింది. రోజూ ఉదయం ఎనిమిదికి బస్సు, ఆ వేళకు వీధిలో దారి ఉండాలి. అంటే ఎవరి వంతైనా ఎనిమిదికి పడుగును పక్కకు జరపాలి. దగ్గరుండి జరిపించే పని, బస్సు తెచ్చిన ఘనుడికే దక్కాలని ఊరు ఏకగ్రీవంగా తీర్మానించింది. టౌన్ బస్సులో ఆడవాళ్లకు టికెట్టు డబ్బులు అక్కర్లేదు కనుక మూటతో పంకజమే వెళ్తానంది.

మొదటి రోజు బస్సు నిండిపోయింది. ముందు సీట్లో, ఒళ్లో మూటతో పంకజం.

"చెయ్యి ఊపాలని చూడొద్దు," అంది కిటికీలోంచి. "పడుగు జారతాది."

రంగరాజులు రెండు చేతులా కర్ర పట్టుకుని, అరుగుకు వీపు ఆనించి, తన బస్సుకు దారి ఇచ్చాడు.