శ్రీరమ్య కొట్టేయమన్న వాక్యం

మా డిగ్రీ కాలేజీలో వ్యాసరచన పేపరు ఎవరికీ అక్కర్లేదు. కంప్యూటర్ ల్యాబ్ ఖాళీ లేని గంటలో పిల్లల్ని తెచ్చి నా నెత్తిన పడేస్తారు. ఏ విషయం ఇచ్చినా వాళ్లు "నేటి ఆధునిక సమాజంలో" అంటూ మొదలుపెడతారు. నీళ్ల గురించి రాయమన్నా అంతే, నిద్ర గురించి రాయమన్నా అంతే. మొదటి పేరా చదవకుండానే కొట్టేయడం నాకు అలవాటైపోయింది. రాగసుధ మేడమ్ ఎర్రపెన్ను అంటే పిల్లలకు హడల్. ఆ పేరు నాకు ఇష్టమే, అబద్ధమెందుకు.

అలాంటి క్లాసులో శ్రీరమ్య రాసింది చదివి నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. ప్రత్తిపాడు వైపు పల్లెటూరి పిల్ల, రోజూ బస్సులో వస్తుంది. వాళ్లమ్మ వెంకటరావమ్మ పోయినేడాది కిడ్నీల జబ్బుతో చనిపోయింది. 'మా ఇంట్లో ఒకరు' అని నేనిచ్చిన విషయానికి ఆ పిల్ల అమ్మ గురించి రాసింది. సొంత చేలో మిరప కోతలు, కళ్లంలో ఆరబోతలు అయ్యాక కూడా ఆవిడ ఊరుకునేది కాదట. కోల్డ్ స్టోరేజీలో కాయలకు తొడిమలు తీసే పనికి వెళ్లేదట. ఏడాది పొడుగునా చేతులు మండుతూనే ఉండేవట. వ్యాసం చివర ఇలా ఉంది: "అమ్మ నాకు స్పూనుతో అన్నం పెట్టేది. జడ వేయించుకోవడానికి పక్కింటి జానీబీ అత్త దగ్గరికి పంపేది. అమ్మ చేయి నా ముఖం మీద పడిన గుర్తు లేదు. మిరపకాయల మీద ఉన్న మమకారం అమ్మకు నా మీద లేదేమో."

ఆ చివరి వాక్యం కింద గీత గీసి, వ్యాసాన్ని క్లాసులో పైకి చదివాను. వెనక బెంచీల అల్లరి కూడా సద్దుమణిగింది. "ఇదిరా రాయడమంటే!" అన్నాను. కాలేజీ వార్షికోత్సవంలో వేదిక మీద చదవడానికి దాన్నే ఎంపిక చేశాను. శ్రీరమ్య తల వంచుకుని నవ్వింది.

నా క్లాసులో ఒక నియమం ఉంది. రాసింది ఇంట్లో ఎవరికైనా పైకి చదివి వినిపించాలి. వినేవాళ్లు ఎక్కడ మొహం చిట్లిస్తే అక్కడ దిద్దుకోవాలి. చాలామంది వినిపించకుండానే వినిపించామంటారు. శ్రీరమ్య నిజంగానే వాళ్ల నాన్న బుల్లయ్యకు వినిపించింది. మర్నాడు పొద్దున్నే స్టాఫ్ రూంకి వచ్చి నిలబడింది.

"మేడమ్, ఆఖరి వాక్యం కొట్టేయండి."

"నీకేమన్నా మతిపోయిందా? వ్యాసానికి ప్రాణమే అది. అది తీసేస్తే ఏం మిగులుతుంది, తొడిమలా?"

"అది నిజం కాదండి."

కూర్చోమన్నాను. కూర్చోలేదు. చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ నిలబడే చెప్పింది. నాన్న అంతా విన్నాడట. ఆఖరి వాక్యం దగ్గర లేచి గొడ్ల చావిట్లోకి వెళ్లిపోయాడట. వెనకే వెళ్లి చూస్తే ఏడుస్తున్నాడట. ఆయన అన్న మాటలు ఆ పిల్ల ఉన్నదున్నట్టు అప్పజెప్పింది.

"నీ మీద ప్రేమ లేకపోడమేందమ్మాయ్? అప్పుడు నువ్వు పాకే పిల్లవి. మీ అమ్మ కళ్లంలోంచి వచ్చి చేతులు కడుక్కుంది. కారం పోయిందిలే అనుకుని నీ కంట్లో పుసి తుడిచింది. ఆ కారం అంత తేలిగ్గా యాడ పోద్ది? గుక్కతిప్పుకోకుండా ఏడ్చావు. కళ్లు వాచిపోయినయ్. గుంటూరు తీసుకుపోయి డాక్టరుకి చూపిచ్చిందాకా నీకు చూపు పోయిందనే అనుకున్నాం. ఆ రోజు నుంచి మీ అమ్మ నిన్ను చేత్తో తాకితే ఒట్టు. ఎంత చెప్పినా వినలా. 'ఇవి పాడు చేతులయ్యా' అనేది."

సిగ్గు లేదు నాకు, వింటున్నంతసేపూ వ్యాసం గురించే ఆలోచిస్తున్నాను.

"ఇంకేం మరి! ఇదే రాయి. ఆ వాక్యం వెనకాలే ఇది పెట్టు. హాలంతా ఏడుస్తుంది."

"హాలు ఏడవక్కర్లేదండి. నాన్న వస్తానన్నాడు. ముందు వరసలో కూర్చుంటాడు. ఆయనకి మళ్లీ అదంతా మైకులో వినిపించనా?"

నాకు ఒళ్లు మండింది. చేతికందిన వ్యాసం నీళ్లపాలవుతోందన్న మంట.

"అయితే చప్పగా ఉంటుంది. ఎవరూ చప్పట్లు కొట్టరు, ముందే చెబుతున్నాను."

"కొట్టకపోతే పోనీండి. మా అమ్మని అంత మాట అని, దానికి చప్పట్లు కొట్టించుకోవాలా?"

అనవసరమైన మాటలు ఎలా తీసేయాలో ఇన్నేళ్లుగా పిల్లలకు చెబుతున్నాను. మంచి వాక్యం మనిషికి అన్యాయం చేస్తే ఏం చేయాలో ఏ క్లాసులోనూ చెప్పలేదు. నాకే తెలియదు. పెన్ను తీసి ఆ వాక్యం కొట్టేశాను. చేయి రాక రాక కొట్టేశాను.

"వెళ్లమ్మా, క్లాసుకు టైమైంది" అన్నాను. ఆ పిల్ల కదల్లేదు.

"ఇంకేంటి?"

"ఆస్పత్రిలో ఆఖరి రోజున అమ్మ చెయ్యి పట్టుకోబోయానండి. చెయ్యిని దుప్పటి కిందికి లాగేసుకుంది. అప్పటికి మంచాన పడి ఎన్ని నెలలైందో. ఒక్క కాయ ముట్టుకోలేదు. ఆ చేతుల్లో కారం ఎక్కడుంటుందండి?"

కుర్చీ లాగి బలవంతంగా కూర్చోబెట్టాను. బాధ కాదు, భయం వేసింది నాకు, ఇంకేం చెబుతుందోనని. ఆ పిల్ల బల్ల మీద తల వాల్చి ఏడుస్తూనే చెప్పింది.

"నాకు కోపమొచ్చి వరండాలోకి వెళ్లిపోయాను మేడమ్. మళ్లీ లోపలికొచ్చేసరికి నర్సు అమ్మ ముఖం మీద దుప్పటి కప్పేస్తోంది. చెయ్యి బయటే ఉంది. అప్పుడు పట్టుకున్నాను. ఈసారి లాక్కోలేదు."