లూర్దెస్ చేతి బీన్స్

మా అత్తయ్యగారు బయట తినరు. మావయ్యగారు పోయాక ఈ పరాయి దేశంలో, లూకన్ అనే ఊళ్ళో ఉన్న మా దగ్గరికి వచ్చిన కొత్తలో ఇంట్లోనూ తినేవారు కాదు. రెండు మెతుకులు కెలికి కంచం పక్కకి జరిపేసేవారు. వండిన నాకు అరికాలి మంట నెత్తికెక్కేది, ఆవిడ ముఖం చూస్తే మళ్ళీ చల్లారేది. అలాంటి మనిషి చేత కడుపునిండా తినిపించింది మా వీధి చివరి మెక్సికన్ హోటలు. లూర్దెస్ వండుతుంది, మొగుడు కౌంటర్లో కూర్చుంటాడు, కూతురు వడ్డిస్తుంది. మెత్తగా మెదిపిన బీన్స్, అన్నం, పచ్చిమిరపకాయల పచ్చడి. "ఇది మన పప్పేనే మనూ," అని అత్తయ్యగారు మారు వడ్డించుకున్న రోజు మా ఆయన రఘు కళ్ళు తుడుచుకున్నాడు. ఇక ప్రతి శుక్రవారం సాయంత్రం అందరికంటే ముందు కోటు వేసుకుని గుమ్మంలో నిలబడేది ఆవిడే.

మొదటిరోజే నేను అన్ని జాగ్రత్తలూ తీసుకున్నాను లెండి. మాంసం వద్దు, గుడ్డు వద్దు, చేప వద్దు, కోడి కూడా మాంసమే, గరిటె వేరే పెట్టండి, గ్లోవ్స్ మార్చండి. మనవాళ్ళ పాఠమంతా అప్పజెప్పాను. లూర్దెస్ పాపం అన్నిటికీ తలూపింది.

పోయిన వారం నా బుద్ధి గడ్డి తిని, ఆ బీన్స్ నేర్పమని అడిగాను. ఇంట్లో నేను చేస్తే ఆ రుచి రావట్లేదు మరి. వంటింట్లోకి తీసుకెళ్ళి, డబ్బాలోంచి తెల్లటి ముద్ద తీసి మూకుట్లో వేసింది. డాల్డా అనుకుని ఏ బ్రాండని అడిగాను.

"పంది కొవ్వు. మా అమ్మలాగే నేనే కాచుకుంటాను," అంది సంబరంగా. నా ముఖం చూసి, "మాంసం ఒక్క ముక్క కూడా ఉండదులే," అంది.

అన్నీ అడిగిన మహాతల్లిని, దేంతో వేయిస్తావని మాత్రం అడగలేదు.

చెబితే ఆవిడ మళ్ళీ తిండి మానేస్తారు, పైగా ప్రాయశ్చిత్తమని ఉపవాసాలు. చెప్పకపోతే నేనేం మనిషిని? రఘుకి చెబుదామంటే ఆ నోట్లో నువ్వుగింజ నానదు. వారమంతా నాలో నేనే కుమిలిపోయాను. ఆఖరికి లూర్దెస్‌ని బతిమాలుకున్నాను, మా టేబుల్‌కి మాత్రం నూనెతో చెయ్యి, ఎవరితోనూ అనకు అని. సరేనంది.

నిన్న నూనె బీన్స్ వచ్చాయి. అత్తయ్యగారు ఒక ముద్ద తిన్నారు. ఇంకో ముద్ద తిని, ప్లేటు పక్కకి జరిపారు. నేను నిమ్మచెక్క అందించాను.

"నిమ్మకాయ పిండుకోండి అత్తయ్యగారూ, బావుంటుంది."

"వద్దులేవే. ఆకలి లేదు."

రఘు ఊరుకుంటాడా, లూర్దెస్‌ని పిలిచాడు. "ఇవాళ ఏదో తేడాగా ఉందండీ. మా అమ్మకి ఎప్పుడూ చేసేలాగే చేసి పెట్టరూ," అన్నాడు ఇంగ్లీషులో.

లూర్దెస్ అతన్ని వదిలేసి నావైపు తిరిగింది. "ఎప్పుడూ చేసేలాగేనా?" అని నన్ను అడిగింది.

రఘు నన్ను చూశాడు. ఏం మాట్లాడుకుంటున్నారో తెలియకపోయినా అత్తయ్యగారూ ఆశగా నన్నే చూశారు. వద్దని ఒక్క మాట అంటే, ఎందుకో చెప్పాలి.

"గ్రాండ్," అన్నాను, ఇక్కడివాళ్ళు సరేనని చెప్పే మాటతో.

ఏడుపు ఆపుకోలేక బాత్రూముకని లేచేలోగానే వేడివేడి ప్లేటు వచ్చేసింది. అత్తయ్యగారు ముద్ద కలిపి, భక్తిగా కళ్ళకద్దుకుని, నోట్లో పెట్టుకున్నారు.